కొండ కింద ఇంటి హైబ్రిడ్: ఒక ప్రాజెక్టు డైరీ

2025 ఫిబ్రవరి: కావలసింది, దొరికేది

మాకు కావలసింది ప్లగ్-ఇన్ హైబ్రిడ్ చిన్న కారు. రాత్రి ఇంట్లో ప్లగ్ పెడితే మర్నాటి ఊరి తిరుగుడంతా కరెంటు మీద జరిగిపోవాలి. బెంగళూరు ప్రయాణం పడితే పెట్రోలు ఇంజిను అందుకోవాలి. దారిలో ఛార్జర్ ఎక్కడుందా అని ఫోన్లో వెతుక్కునే టెన్షన్ ఉండకూడదు.

యూరప్‌లో ఇలాంటి హ్యాచ్‌బ్యాక్‌లు 2014 నుంచే ఉన్నాయి. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఈ, ఆడి ఏ3 ఈ-ట్రాన్ రెండూ ఆ ఏడాది వచ్చినవే. ఒకదాంట్లో 8.7, ఇంకోదాంట్లో 8.8 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. మన కరెంటు బిల్లు భాషలో కిలోవాట్ అవర్ అంటే యూనిట్టే కాబట్టి ఇకపై యూనిట్ అనే రాస్తాను. మా బావమరిది అమెరికాలో పాత మోడల్ ప్రియస్ ప్రైమ్ నడుపుతాడు. దానిదీ 8.8 యూనిట్లే. అక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారం ఛార్జి మీద 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు. "ఆఫీసుకి పోయొస్తే సరిగ్గా సరిపోతాది బావా, ఇంజిను లేవనే లేవదు" అని ఫోన్ చేసినప్పుడల్లా ఊరిస్తాడు.

మన దేశానికి ప్లగ్ ఉన్న హైబ్రిడ్లు రాకపోలేదు. వోల్వో ఎక్స్‌సీ90 లాంటివి వచ్చాయి. ఆ డబ్బుతో తిరుపతిలో ఫ్లాటు కొనుక్కోవచ్చు. మారుతి, టయోటా షోరూముల్లో కనిపించే హైబ్రిడ్లకు ప్లగ్ ఉండదు. గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీ ఒక యూనిట్ కూడా నిండదు, 0.76 మాత్రమే. బ్రేకు వేసినప్పుడు వచ్చిన కరెంటును కాసేపు దాచుకుని వాడుకోవడానికి అది చాలు గానీ, ఇంటి కరెంటు మీద ఊరంతా తిరగడానికి చాలదు.

మా తిరుగుడు చెప్పుకోవాలంటే: ఇల్లు అలిపిరి వైపు. నాకు రేణిగుంట దగ్గర ఉద్యోగం. పిల్లల ట్యూషన్ బైరాగిపట్టెడలో. వారానికోసారి తిరుచానూరు. నెలకో రెండు నెలలకో బెంగళూరు, అప్పుడప్పుడు చెన్నై. రోజువారీ లెక్క 30, 35 కిలోమీటర్లు దాటదు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కనిపెట్టినవాళ్లు మా ఇంటిని చూసే కనిపెట్టారా అన్నట్టు ఉంటుంది ఈ లెక్క.

మొదట వచ్చిన ఆలోచన, ఉన్న పాత వ్యాగనార్‌కే కిట్ బిగించడం. కొత్త ఆలోచనేమీ కాదు. పుణెకు చెందిన కేపీఐటీ కంపెనీ 2010లోనే రెవోలో పేరుతో, మామూలు పెట్రోలు కారును ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌గా మార్చే కిట్ చూపించింది. అప్పట్లో పేపర్లో చదివి కత్తిరించి దాచుకున్నాను కూడా. రోడ్డు మీద మాత్రం అలాంటి కారు ఒక్కటి నా కంట పడలేదు. ఇలాంటి కిట్లకు ఏఐఎస్-123 అనే ప్రమాణం ఉంది. ఫలానా కిట్ ఫలానా మోడల్‌కి సరిపోతుందని పరీక్షా సంస్థ సర్టిఫికెట్ ఇవ్వాలి, అనుమతి ఉన్నవాళ్లే బిగించాలి, తర్వాత ఆర్సీలో ఎక్కించుకోవాలి. నా కారు మోడల్‌కి అలాంటిది దొరకలేదు. వెనక చక్రాలకు మోటార్లు బిగించి చూపించే వీడియోలు చాలా ఉన్నాయి. మా మెకానిక్‌కి ఒకటి చూపిస్తే చివరిదాకా చూసి, "మోటార్లు ఎవురైనా పెడ్తారన్నా. డిక్కీలో వంద కేజీలు బ్యాటరీ పెట్టినాక బ్రేకులు, స్ప్రింగులు ఎవురు చూస్తారు? దీన్నేసుకొని కొండ దిగతావా నువ్వు?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో కిట్ ఫైలు మూసేశాను.

తేలింది ఏమిటంటే, హైబ్రిడ్‌ని ఒక బానెట్ కింద కాకుండా ఒక ఇంటి కింద పెట్టడం. పాత వ్యాగనార్ అమ్మం. దాని పక్కన చిన్న ఎలక్ట్రిక్ హ్యాచ్‌బ్యాక్, 24 యూనిట్ల టియాగో ఈవీ. ఫ్యాక్టరీ హైబ్రిడ్‌లో ఏది ఎప్పుడు నడవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. రెండు తాళాలూ ఆమె దగ్గరే ఉంటాయి. ఈ డైరీ ఆ రెండు కార్లను కలిపి ఒకే బండిగా నడిపించే ప్రయత్నం గురించి.

మార్చి: ప్లగ్ పాయింటు

కారు కంటే ముందు ప్లగ్ పాయింటు సిద్ధం కావాలని పట్టుబట్టాను. షోరూముల్లో ఎవరూ దీని గురించి ఎక్కువ మాట్లాడరు. "పదిహేను ఆంప్స్ పాయింటు ఉంటే చాలు సార్, ఏసీకి ఉంటుంది కదా, అదే" అంటారు. ఏసీ కంప్రెసరు ఆగి ఆగి నడుస్తుంది. కారు ఛార్జరు అలా కాదు. ఖాళీ అయిన బ్యాటరీ నిండాలంటే ఎనిమిది, తొమ్మిది గంటలు ఏకబిగిన 14, 15 ఆంప్స్ లాగుతూనే ఉంటుంది. గోడకున్న మామూలు పవర్ ప్లగ్ పిన్నులు ఆ పనికి పుట్టినవి కావు.

మీటరు బోర్డు ఇంటి ముందు, కారు షెడ్డు ఇంటి వెనక. వైరు దారి కొలిస్తే 25 మీటర్లు. ఎలక్ట్రీషియన్ రెండున్నర ఎంఎం రాగి వైరు చాలన్నాడు. లెక్కేసి చూశాను. పోను రాను 50 మీటర్లకు రెండున్నర ఎంఎం వైరులో పూర్తి లోడు మీద దాదాపు ఐదున్నర వోల్టులు పోతాయి. నాలుగు ఎంఎం వైరైతే మూడుకు కాస్త ఎక్కువ. వోల్టుల నష్టం పెద్దది కాదు. అసలు సంగతి గోడలో పైపు లోపల గంటల తరబడి పుట్టే వేడి. మా గోడకి మధ్యాహ్నమంతా పడమటి ఎండ. నాలుగు ఎంఎం వేయించాను. దీనికి వేరే ఎంసీబీ, కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, చివర నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్. పక్కన ఒక చిన్న యూనిట్ మీటరు కూడా. ఇది లేకపోతే కారు ఎంత తిందో, ఫ్రిజ్ ఎంత తిందో బిల్లులో కలిసిపోతుంది.

ఎక్కువ పని పట్టింది ఎర్తింగ్‌కి. ఎలక్ట్రిక్ కారు ఛార్జరు ముందు ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూసుకుంటుంది. లేకపోతే ఎర్ర లైటు వెలిగించి కూర్చుంటుంది. మా ఇంటి పాత ఎర్త్ మీద మల్టీమీటరు పెడితే, ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య రెండంకెల వోల్టేజి చూపించింది. రెండు మూడు వోల్టులు దాటకూడదు. పాతికేళ్ల కిందట పాతిన పైపు, నీళ్లు పోసినవాళ్లు లేరు. కొండ కింద నేల కదా, రెండడుగులు తవ్వితే గులకరాయి, ఆ కింద బండ. ఎండాకాలం వస్తే తేమ ఆరిపోయి ఎర్త్ ఇంకా పనికిరాకుండా పోతుంది. షెడ్డు పక్కనే కొత్త గుంత తవ్వించి, రాగి పూత రాడ్డు దింపి, చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి నింపించాం. గుంత తవ్విన పెద్దాయన పార పక్కన పెట్టి, "కారుకి బావి తవ్విస్తా ఉండావా సామీ?" అని నవ్వాడు. వంటింటి సింకు నీళ్లు కొన్ని ఆ గుంతలోకి పోయేలా చిన్న పైపు పెట్టించాను. వోల్టేజి ఒకటిన్నరకు దిగింది.

మీటరు లోడు పెంచమని విద్యుత్ కార్యాలయంలో అర్జీ పెట్టాం. దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది కాబట్టి పని త్వరగా అయిందని మా ఆవిడ నమ్మకం. స్థిర ఛార్జీ కిలోవాటుకు నెలకు పది రూపాయలే, భయపడాల్సింది ఏమీ లేదు. లైన్‌మన్ వచ్చి స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు చూసి, దాని జాయింటు మాత్రం కొత్తగా చుట్టించుకోమన్నాడు. మంచి సలహా.

కారు వచ్చాక మొదటి రాత్రి గంటకోసారి లేచి సాకెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే. తర్వాతి వారం మా తమ్ముడింట్లో గోడ ప్లగ్‌కి అదే ఛార్జరు పెడితే అరగంటకే పిన్ను ముట్టుకోలేనంత వేడెక్కింది. లోపల రేకు పట్టు వదులైపోయిన సాకెట్. వెంటనే పీకేశాం. ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే: బ్యాటరీ సైజు తర్వాత చూసుకోండి, సాకెట్ ముందు మార్చండి.

ఏప్రిల్: కొండ

"కొండెక్కతాదా?" తిరుపతిలో ఎలక్ట్రిక్ కారు చూసిన ప్రతివాడూ అడిగేది ఇదే. ఆటో డ్రైవరు అడిగాడు, పాలబ్బాయి అడిగాడు, మా నాయన అడిగాడు. 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు వాళ్ల కళ్లముందే నిండా జనంతో కొండెక్కుతున్నాయి. అయినా కారు విషయానికొచ్చేసరికి అనుమానం.

ముందు కాగితం మీద లెక్క. తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. నలుగురు మనుషులు, సంచులు కలిపి బండి బరువు 1,450 కిలోలు అనుకుంటే, ఆ బరువును అంత ఎత్తుకు లేపడానికే 2.8 యూనిట్లు కావాలి. పద్దెనిమిది, పందొమ్మిది కిలోమీటర్ల దారిలో టైర్లు, గాలి, మోటారు నష్టాలు కలిపితే మొత్తం నాలుగున్నర. 24 యూనిట్ల బ్యాటరీలో అది దాదాపు ఐదో వంతు.

వేసవి సెలవులు మొదలయ్యే ముందు, జనం తక్కువ ఉన్న రోజు చూసుకుని బయలుదేరాం. ఎక్కేది రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944లో తెరిచిన పాత రోడ్డు. వేగం కట్టడి కోసం ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస సమయం పెట్టారు. అంతకంటే ముందే చేరితే గేటు దగ్గర సమాధానం చెప్పుకోవాలి. ఎలక్ట్రిక్ మోటారుతో వచ్చే చిక్కే అది. వ్యాగనార్‌లో రెండో గేరు, మూడో గేరు మధ్య కొట్టుకుంటూ, ఏసీ ఆపేసి ఎక్కేవాళ్లం. ఇందులో మలుపు తిరగ్గానే బండి తనంతట తాను ఉరుకుతుంది. పైకి చేరేసరికి 28 నిమిషాలు దాటాయా లేదా అని గడియారం చూసుకోవాల్సి వచ్చింది. బ్యాటరీలో ఇరవై శాతం కంటే ఒక గీత తక్కువే ఖర్చయింది. కాగితం లెక్క తప్పలేదు.

దిగేటప్పుడు అసలు సరదా. మోటారు జనరేటర్‌గా మారి బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, కరెంటు బ్యాటరీలోకి పోతుంది. ఈ కారులో ఆ పట్టును మూడు మెట్లలో పెట్టుకోవచ్చు, పూర్తిగా తీసేయొచ్చు కూడా. మూడో మెట్టులో పెడితే బ్రేకు పెడలు ముట్టుకోకుండా చాలా మలుపులు దిగిపోవచ్చు. నాకు ముచ్చటేసింది. వెనక సీట్లో ఉన్న మా అత్తమ్మకి వేయలేదు. "అబ్బోడా, కడుపులో తిప్పతా ఉంది, రోంత నిమ్మళంగా పోనీ" అంది. యాక్సిలరేటరు మీద కాలు తీసిన ప్రతిసారీ వచ్చే కుదుపు అది. రెండో మెట్టుకి మార్చాక ఆమె సర్దుకుంది. అలిపిరికి వచ్చేసరికి నాలుగైదు శాతం తిరిగి ఎక్కింది.

అంటే కొండ ఎక్కి దిగితే నికరంగా పదిహేను శాతం, మూడున్నర యూనిట్లు. అదే దూరం ఊళ్లో తిరిగినా అంతే అవుతుంది, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువే. కొండ ప్రయాణం మా కారుకి ప్రత్యేకమైన ఖర్చే కాదని తేలడం ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన సంగతి. కారణం సులువు: దిగేటప్పుడు బ్యాటరీ ఖర్చు లేదు, దారి పొడవునా వేగం తక్కువ కాబట్టి గాలి లాగేది తక్కువ. నలభై నిమిషాల నియమం కూడా కలిసొస్తుంది. నెమ్మదిగా దిగితే మోటారు పట్టే సరిపోతుంది, బ్రేకు ప్యాడ్ల దాకా పని పోదు. ఇక్కడి ఘాట్‌లో పెట్రోలు, డీజిలు బండ్ల బ్రేకుల మాడు వాసన తెలియనివాళ్లు ఉండరు.

ఇంకో విశేషం. బ్యాటరీ నిండుగా ఉంటే దిగేటప్పుడు వచ్చే కరెంటుకు చోటుండదు, మోటారు పట్టు తగ్గిపోతుంది. తిరుపతివాళ్లకు ఈ బాధ లేదు. మనం ముందు ఎక్కుతాం, తర్వాత దిగుతాం. ఇంట్లో వంద శాతం నింపుకుని బయలుదేరినా పైకి చేరేసరికి చోటు తయారుగా ఉంటుంది. హార్సిలీ హిల్స్ పైన ఇల్లున్నవాడైతే రాత్రి ఎనభై దగ్గర ఆపేసుకోవాలి.

అలిపిరి దగ్గర టీ తాగుతుంటే ఎలక్ట్రిక్ బస్సు డ్రైవరొకాయన మా బండి చూసి పలకరించాడు. "దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టమాకన్నా. అది బండి సంపాదించుకునే టైము" అన్నాడు. పెద్ద బస్సుకైనా చిన్న కారుకైనా అదే సూత్రం.

బావమరిదికి ఈ లెక్కలన్నీ పంపాను. 8.8 యూనిట్ల ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అయినా, బరువు ఎక్కువ కాబట్టి ఎక్కడానికి ఐదున్నర దాకా తింటుంది, అయినా ఇంజిను లేవకుండానే కొండ చేరుతుంది. దిగేటప్పుడు వచ్చింది కలుపుకుంటే ఇంటికీ చేరుతుంది. తిరుమల ఘాట్‌కి కొలత తీసి కుట్టినట్టుంది ఆ సైజు. మన దగ్గర అమ్మరు గానీ.

మే: కత్తిరి ఎండలు

గంగ జాతర వారం. ఎండ మాడ్చేస్తోంది. ఏసీ లేకుండా కారులో కూర్చోలేం. ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు ఏసీ వాటా బాగా కనిపిస్తుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో నిలబడినా అది తింటూనే ఉంటుంది. మార్చిలో యూనిట్‌కి తొమ్మిదిన్నర, పది కిలోమీటర్లు వస్తే ఇప్పుడు ఎనిమిది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిని వెంటనే ఛార్జికి పెట్టడం మానేశాం. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను రొద చేస్తూ ఉంటుంది, అందుకూ కరెంటు ఖర్చే.

సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి లేస్తాయి. మా లైన్లో వోల్టేజి 200 దగ్గరికి పడిపోతుంది. ఛార్జరు లాగే ఆంప్స్ అంతే ఉంటాయి కాబట్టి పవరు తగ్గి ఛార్జింగ్‌కి ఎక్కువసేపు పడుతుంది. రాత్రి పదకొండు తర్వాత పెడితే వోల్టేజీ బాగుంటుంది, గాలీ చల్లబడుతుంది. రోజువారీ వాడకానికి గంటన్నర, రెండు గంటలు చాలు కాబట్టి టైమరు పెట్టి పడుకుంటాం.

జూన్: కరెంటు బిల్లు

ఇంట్లో అందరూ ఎదురుచూసిన పేజీ ఇది. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు స్లాబులు ఉన్నాయి: 126 నుంచి 225 యూనిట్ల దాకా ఆరు రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. కారు తినే యూనిట్లన్నీ ఇంటి వాడకం పైన కూర్చుంటాయి, అంటే ఖరీదైన స్లాబులో పడతాయి. సగటు రేటు వేసి "యూనిట్ ఐదు రూపాయలే" అని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

నెలకు 900 కిలోమీటర్లకు గోడ మీటరు చూపించింది 120 యూనిట్లు. కారు తెర మీద లెక్క అంతకంటే పదో వంతు తక్కువ చూపిస్తుంది. ఆ తేడా ఛార్జరులో వేడిగా పోయింది. ఏసీలు లేని నెలలో ఈ 120కి వెయ్యి రూపాయలకు కాస్త పైన పడుతుంది. మే నెలలో కొన్ని యూనిట్లు 400 దాటి పై స్లాబులోకి పోయినా తేడా వంద లోపే. అదే 900 కిలోమీటర్లు వ్యాగనార్ ఊళ్లో తిరిగితే, లీటరుకి 15 చొప్పున 60 లీటర్లు. తిరుపతిలో పెట్రోలు 109 పైనే ఉంది. ఆరున్నర వేలు. ఇంకా లెక్కలు వేయొద్దని మా ఆవిడ పెన్ను లాక్కుంది.

ఈవీ ఛార్జింగ్‌కి వేరే కేటగిరీలో వేరే మీటరు తీసుకునే దారి ఉంది. రెండు మూడు కార్లు తిప్పేవాళ్లకు లాభమేమో గానీ మా వాడకానికి అక్కర్లేదనిపించింది.

ఆగస్టు: పడుకున్న ఇంజిను

కొత్త బండి మోజులో వ్యాగనార్ షెడ్డు పక్కన వేపచెట్టు కింద ఉండిపోయింది. చిత్తూరులో పెళ్లికి రెండు బండ్లూ కావాల్సొచ్చి తాళం తిప్పితే టిక్ టిక్ మని ఊరుకుంది. 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయింది. బానెట్ ఎత్తితే ఎలుకలు రెండు వైర్ల పైతొడుగు కొరికేసి, ఎయిర్ ఫిల్టరు పక్కన పీచుతో ఇల్లు కట్టుకున్నాయి. మెకానిక్ వచ్చి వైర్లు చుట్టి, బ్యాటరీకి జంప్ ఇచ్చి, "బండిని బీరువాలో చీరలా దాస్తే ఇట్లే అవతాదన్నా" అని, బానెట్ కింద ఒక మూల పొగాకు కట్ట కట్టిపోయాడు. దాని గుణమో ఏమో, మళ్లీ ఎలుకలు రాలేదు.

నిజమైన ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకు కూడా ఈ బాధ ఉంది. రోజూ కరెంటు మీదే తిరిగేవాడి ఇంజిను నెలల తరబడి లేవదు. లోపలి భాగాల మీద నూనె పొర జారిపోతుంది, ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది. అమెరికాలో 2010 చివర్లో వచ్చిన షెవర్లే వోల్ట్‌లో దీనికి మంచి ఏర్పాటు చేశారు. ఆరు వారాల పాటు ఇంజిను లేవకపోతే కారే అనుమతి అడిగి ఇంజిన్ని కాసేపు నడుపుతుంది. ట్యాంకులో పెట్రోలు ఏడాదికి మించి పాతబడితే, అది ఖర్చయ్యేదాకా ఇంజిను మీదే నడుస్తుంది. ఆవిరి పోకుండా ట్యాంకు కూడా గట్టిగా మూసి ఉంటుంది. మన పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. కాబట్టి సగం ఖాళీ ట్యాంకుతో వానాకాలమంతా నిలబెట్టడం ఇంకా మంచిది కాదు.

మా ఇంటి హైబ్రిడ్‌లో ఆ కంప్యూటరు లేదు కాబట్టి కాగితం మీద నియమం రాసి ఫ్రిజ్‌కి అంటించాం. రెండు వారాలకోసారి వ్యాగనార్ శ్రీకాళహస్తికో చంద్రగిరి దాటో పోవాలి. ఇంజిను బాగా వేడెక్కేదాకా నడవాలి. ఊరికే స్టార్టు చేసి ఐదు నిమిషాలు నిలబెడితే పైపులో తేమ చేరడం తప్ప లాభం లేదు. ట్యాంకులో పది లీటర్లకు మించి నిల్వ పెట్టం, బెంగళూరు ప్రయాణం ఉంటేనే నింపుతాం. టైర్లలో గాలి రెండు పాయింట్లు ఎక్కువ.

ఈ నెల 15 నుంచి అలిపిరి దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. రెండు బండ్లకీ ఉంది కాబట్టి కొత్త పని పడలేదు.

సెప్టెంబరు, అక్టోబరు

సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు హైబ్రిడ్ మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్ కార్ల మీద అయిదు అలాగే ఉంది. చిన్న ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఎవరైనా తెస్తే పన్ను అడ్డం కాదన్నమాట. తెచ్చే సూచన మాత్రం లేదు.

బ్రహ్మోత్సవాలు. గరుడసేవ రోజున కారు బయటికి తీయడం అవివేకం. నడిచే పోయాం.

దసరాకి చుట్టాలొచ్చారు. ఇల్లు నిండా జనం, షెడ్డులో మంచాలు, కారు వీధిలో. వాళ్లున్నన్నాళ్లూ ప్లగ్ పెట్టడం కుదరక వ్యాగనారే తిరిగింది. పెట్రోలు బిల్లు చూశాక ఒక సంగతి గుర్తొచ్చింది. 2021లో రిజిస్టరైన కార్ల లోపలి మీటర్ల నుంచి లెక్కలు తీసి యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో ఒక నివేదిక ఇచ్చింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ల అసలు ఉద్గారాలు, ల్యాబ్ పరీక్షలో చూపించినదానికి సగటున మూడున్నర రెట్లు ఉన్నాయి. జనం అనుకున్నంతగా ఛార్జి పెట్టడం లేదు, కరెంటు మీద నడపడం లేదు. కంపెనీ ఇచ్చిన బండిని కంపెనీ పెట్రోలు కార్డుతో నడిపేవాడికి రాత్రి పూట ప్లగ్ గుచ్చే ఓపిక ఎక్కడుంటుంది? మా ఇంట్లోనే షెడ్డులో రెండు మంచాలు పడేసరికి హైబ్రిడ్ కాస్తా పెట్రోలు కారైపోయింది. తర్వాత షెడ్డు బయటి గోడకి, వానకి తడవకుండా మూత ఉన్న ఇంకో సాకెట్ పెట్టించాను. ఇప్పుడు కారు వీధిలో ఉన్నా గేటు సందులోంచి కేబులు అందుతుంది.

నవంబరు: వానలు

తుఫాను వానలంటే తిరుపతిలో 2021 నవంబరు గుర్తొస్తుంది. కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్లు దూకి వీధుల్లోకి వచ్చేశాయి. డిసెంబరు ఒకటిన రెండో ఘాట్ రోడ్డు మీద బండలు పడి దారి మూసేశారు. బ్యాటరీ పెట్టెకి ఐపీ67 అని రాసి ఉంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని దాని అర్థం. అది పెట్టెకి ఇచ్చిన హామీ, కారుకి కాదు. సీట్లు, కార్పెట్లు, 12 వోల్టుల వైర్లు అన్నీ మామూలువే. వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయంటే రెండు బండ్లకీ ఒకటే నియమం, చుట్టు తిరిగి పోవడం.

వాన రాత్రుల్లో బయటి సాకెట్ వాడం. ఆర్‌సీసీబీ టెస్టు బటను నెలకోసారి నొక్కి చూస్తాం. ఎర్త్ వోల్టేజి వానలకి అరకి దిగింది, నేల తడిసింది కదా.

డిసెంబరు: ఇప్పటి పరిస్థితి

కాలక్రమంలో ఇంట్లో ఒక సరిహద్దు ఏర్పడింది. రేణిగుంట, తిరుచానూరు, చంద్రగిరి, శ్రీకాళహస్తి, కొండ, వ్యాగనార్‌ని రెండు వారాలకోసారి తిప్పడం తప్పిస్తే ఇవన్నీ కరెంటు బండివే. చిత్తూరు 70 కిలోమీటర్లు, కాణిపాకం కూడా ఇంచుమించు అంతే. పోను రాను ఒక ఛార్జితో అయిపోతుంది కాబట్టి అవీ దానివే. మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు దాటాలంటే పెట్రోలు బండి. బెంగళూరు దారిలో ఛార్జర్లు ఉన్నాయి, ఈ కారు ఫాస్ట్ ఛార్జర్ మీద పది నుంచి ఎనభై శాతానికి గంట లోపు ఎక్కుతుంది కూడా. కానీ ఇద్దరు పిలకాయలతో, పెద్దావిడతో హైవే పక్కన గంట కూర్చోవడం మాకు కుదరదు. ఒంటరిగా పోయేవాళ్లు నాతో ఒప్పుకోకపోవచ్చు.

రెండు బండ్లు, రెండు ఇన్సూరెన్సులు, రెండు సర్వీసులు. ఫ్యాక్టరీ హైబ్రిడ్ అయితే ఒకటే ఉండేది. ఈ ఖర్చు లెక్కలోంచి తీసేయను. వ్యాగనార్ ముందునుంచీ ఉన్నది, పాతది కాబట్టి మాకు గిట్టుబాటు అయింది. రెండూ కొత్తగా కొని ఇలా చేయమని ఎవరికీ చెప్పను. షెడ్డు లేని అపార్టుమెంటు వాళ్లకు అసలే చెప్పను.

తర్వాతి పని డాబా మీద సోలార్. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ ఉంది. మన ఎండకి మూడు కిలోవాట్లు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి, కారుకి కావలసింది నాలుగు. కొటేషన్లు ఇచ్చినవాళ్లలో డాబా ఎక్కి నీడ చూసినవాడు ఒక్కడే. పక్కింటి కొత్త వాటర్ ట్యాంకు నీడ మధ్యాహ్నం మూడు దాటాక మా ప్యానెళ్ల మీద పడుతుందని సుద్దముక్కతో గీత గీసి చూపించాడు. ప్యానెళ్లను తూర్పు వైపు జరిపి స్టాండు ఎత్తు పెంచితే ఎంతవుతుందో సంక్రాంతి లోపు చెప్తానన్నాడు.